హెవ్‌మోన్‌స్కి ‘కొంగలు’ (1900): పోలండ్ పల్లె చిత్రాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

పోలండ్ రాజ్యం 1772, 1793, 1795 సంవత్సరాలలో మూడు విడతలుగా రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాల మధ్య పంపకమై ఐరోపా పటం నుంచి మాయమైన తీరును గత పాఠంలో చదివారు. ఆ తరవాత 1918 దాకా పోలండ్‌కు పూర్తి స్వాతంత్ర్యం లేదు. రాజ్యం లేని ఆ 123 ఏళ్ళలో పోలిష్ జాతి అంటే ఎవరు అన్న ప్రశ్నకు సమాధానం చాలా మారింది. మొదట్లో జాతి అంటే కులీనులే. చివరికి వచ్చేసరికి నాగలి పట్టిన రైతు లేకుండా ఆ మాట పలకడమే కష్టమైంది. ఈ మార్పును ఒప్పందాలు, తిరుగుబాటు ప్రకటనల ద్వారా తెలుసుకోవచ్చు. ఈ పాఠంలో మనం ఒక చిత్రం ద్వారా తెలుసుకుందాం. నిజానికి రెండు చిత్రాలు. రెండూ గీసినవాడు ఒక్కడే. రెండింటిలోనూ పల్లె మనుషుల కాళ్ళకు జోడు లేదు. 1875లో ఆ కాళ్ళు వార్సా విమర్శకులకు రోతగా కనిపించాయి. 1900లో గీసిన అలాంటి కాళ్ళనే పోలిష్ ప్రజలు ఇప్పటికీ ఆప్యాయంగా చూస్తున్నారు. ఈ పాతికేళ్ళలో మారింది కాళ్ళు కావు. మరి ఏమి మారింది?

చిత్రకారుడి పేరు యూజెఫ్ హెవ్‌మోన్‌స్కి. ఆంగ్ల గ్రంథాలలోని అక్షరాలను బట్టి ‘చెల్మోన్‌స్కి’ అని చదివేవారు ఉన్నారు. పోలిష్ ఉచ్చారణ అది కాదు.

చిత్రంలో ఏముంది

‘కొంగలు’ చిత్రం ఇప్పుడు వార్సాలోని జాతీయ మ్యూజియంలో ఉంది. కాన్వాసు మీద తైలవర్ణాలతో గీసింది. ఎత్తు 150 సెంటీమీటర్లు, వెడల్పు దాదాపు రెండు మీటర్లు. అంటే పుస్తకంలో అరపేజీ బొమ్మగా మనం చూసేదానికీ, గోడ మీద నిజంగా ఉన్నదానికీ పోలిక లేదు. మ్యూజియంలో దాని ముందు నిలబడితే ఆ మనుషులు మనకు చాలా దగ్గరగా ఉంటారు.

వసంతం మొదలవుతున్న రోజులు. పచ్చిక మీద తెల్లని నార బట్టలు కట్టిన రైతు కూర్చుని ఉన్నాడు. దున్నకం మధ్యలో ఆపి అన్నం తింటున్నాడు. పక్కనే ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. బహుశా ఇంటి నుంచి తండ్రికి సద్ది తెచ్చి ఉంటాడు. ఇద్దరూ తలెత్తి ఆకాశంలోకి చూస్తున్నారు. పైన కొంగల గుంపు ఎగిరి వస్తోంది. వెనక దూరంగా ఎద్దులు, ఇంకా దూరంగా గడ్డి కప్పిన ఇళ్ళు, చెట్లు. కథ అంతే. యుద్ధం లేదు, రాజు లేడు, ఎవరూ ఏడవడం లేదు.

ఇవి మన చెరువుల్లో కనిపించే చిన్న తెల్లకొంగలు కావు. ఆంగ్లంలో స్టార్క్ అనే పెద్ద జాతి. ఒళ్ళు తెలుపు, రెక్కల చివరలు నలుపు, ముక్కూ కాళ్ళూ ఎరుపు. ఇవి చలికాలం ఆఫ్రికాలో గడిపి, మార్చి చివరిలోనో ఏప్రిల్‌లోనో పోలండ్‌కు తిరిగి వస్తాయి. మార్చి 25న వచ్చే మేరీమాత పండుగ నాటికి కొంగలు చేరతాయని అక్కడి పల్లెల నమ్మకం. తమ ఇంటి కప్పు మీద కొంగ గూడు కడితే ఆ ఇంటికి మేలు జరుగుతుందని అనుకునేవారు. గూడు కట్టడానికి వీలుగా పాత బండి చక్రాన్ని కప్పు మీద అమర్చేవారు కూడా. కాబట్టి ఆ తండ్రీకొడుకులు చూస్తున్నది ఏదో వింత పక్షిని కాదు. ఏటా వచ్చే చుట్టాన్ని చూస్తున్నారు.

మూడు సామ్రాజ్యాల సరిహద్దులను ఏ అనుమతి పత్రమూ లేకుండా దాటివచ్చే పక్షి, సొంత రాజ్యం లేని జాతికి ఎలా తోచి ఉంటుందో ఊహించవచ్చు. అయితే ఈ ఊహను చిత్రకారుడి ఉద్దేశంగా రాయకూడదు. పరీక్షలో రాసేటప్పుడు కూడా ఈ తేడా పాటించండి. చిత్రంలో కనిపించేది వేరు, ఆనాటి ప్రేక్షకుడు దానిలో చదువుకోగలిగింది వేరు.

సంకెళ్ళూ, వాటితోపాటు బూట్లూ

ఈ రైతు ఎవరో తెలియాలంటే కొంత వెనక్కి వెళ్ళాలి. పాత పోలండ్ రాజ్యంలో గ్రామీణులలో అత్యధికులు భూస్వామికి కట్టుబడి ఉన్నవారు. తాము సాగు చేసుకునే చెక్కకు బదులుగా వారంలో ఇన్ని రోజులని భూస్వామి పొలంలో ఊరికే పని చేయాలి. దీన్ని పాన్‌ష్‌చిజ్నా అనేవారు. భూస్వామి అనుమతి లేకుండా ఊరు విడిచి వెళ్ళకూడదు. తగవు వస్తే తీర్పు చెప్పేవాడూ ఆ భూస్వామే. దీన్ని తెలుగులో వెట్టి అనవచ్చు. కానీ తెలంగాణ చరిత్రలో మీరు చదివిన వెట్టితో దీన్ని పూర్తిగా సమానం చేయకండి. అక్కడి పని ప్రధానంగా సాగు చేసుకునే భూమికి అద్దె. ఇక్కడి వెట్టి కులవృత్తులతో, దేశ్‌ముఖుల, అధికారుల పెత్తనంతో ముడిపడినది.

1807లో నెపోలియన్ ఏర్పాటు చేసిన వార్సా డచీ రాజ్యాంగం రైతుకు వ్యక్తిగత స్వేచ్ఛ ఇచ్చింది. ఎక్కడికైనా పోవచ్చు. కానీ అదే సంవత్సరం డిసెంబరులో వెలువడిన ఉత్తర్వు భూమిని భూస్వామి ఆస్తిగానే ఉంచింది. భూమి కావాలంటే మళ్ళీ పాత చాకిరీయే. రైతు కాళ్ళకున్న సంకెళ్ళు తీశారు, వాటితోపాటు బూట్లూ లాక్కున్నారు అన్న నానుడి పోలండ్‌లో దీని నుంచే పుట్టింది. మనం చూస్తున్న వట్టికాళ్ళకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

ఈ పరిస్థితుల్లో రైతుకూ భూస్వామికీ మధ్య ఎంత దూరం ఉండేదో 1846 నాటి సంఘటన చెబుతుంది. ఆస్ట్రియా పాలనలోని గలీషియాలో పోలిష్ కులీనులు స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటుకు సిద్ధమయ్యారు. రైతులు వారితో కలవలేదు. యాకుబ్ షేలా వంటి నాయకుల వెంట దివాణాల మీద పడ్డారు. సుమారు 1000 మందిని చంపారు. కులీనుల మనసులో ఈ భయం తరతరాలుగా మిగిలిపోయింది.

రష్యా పాలనలోని ప్రాంతంలో 1863 జనవరిలో మరో తిరుగుబాటు మొదలైంది. దాన్ని నడిపిన జాతీయ ప్రభుత్వం మొదటి రోజే, అంటే జనవరి 22న, రైతులు సాగు చేస్తున్న భూమి వారిదేనని ప్రకటించింది. కొన్ని చోట్ల రైతులు తిరుగుబాటుదారులకు సాయపడ్డారు. చాలా చోట్ల ఇది దొరల గొడవ అని దూరంగా నిలిచారు. కొందరైతే వారిని పట్టి రష్యా సైన్యానికి అప్పగించారు. ఇక్కడే జార్ ప్రభుత్వం తెలివైన ఎత్తు వేసింది. తిరుగుబాటుదారులు కాగితం మీద ఇచ్చినదాన్ని 1864 మార్చి 2 నాటి ఉత్తర్వుతో తానే నిజంగా ఇచ్చింది. రైతులు తమ చెక్కలకు హక్కుదారులయ్యారు. అడవిలో వంటచెరకు, భూస్వామి బీళ్ళలో పశువుల మేత అనే పాత హక్కులను మాత్రం స్పష్టంగా తేల్చకుండా వదిలింది. దానితో ఊరికీ దివాణానికీ మధ్య తగవులు దశాబ్దాల పాటు నడిచాయి. జార్‌కు కావలసింది అదే.

1864లో హెవ్‌మోన్‌స్కికి పద్నాలుగేళ్ళు. 1849 నవంబరు 7న వొవిచ్ పట్టణం దగ్గరి బొచ్కి గ్రామంలో పుట్టాడు. వాళ్ళది కులీన వంశం, కానీ పెద్ద ఆస్తిపరులు కారు. తండ్రి ఆ ఎస్టేటును కౌలుకు చేసేవాడు, గ్రామాధికారిగా కూడా ఉన్నాడు. అంటే రైతులను రోజూ దగ్గరగా చూసిన ఇల్లే, అయినా రైతు ఇల్లు కాదు. ఈ విషయం గుర్తుంచుకోండి.

1875: మట్టి కాళ్ళు

వార్సాలో వొయ్‌చెఖ్ గెర్సొన్ దగ్గర, ఆ తరవాత మ్యూనిక్‌లో చదువుకుని, ఉక్రెయిన్ పల్లెల్లో తిరిగి వచ్చిన హెవ్‌మోన్‌స్కి 1875లో ‘బాబ్యె లాతొ’ గీశాడు. ఈ పదానికి అక్షరాలా అర్థం ఆడవాళ్ళ వేసవి. శరత్కాలంలో చలి ముదిరేలోగా వచ్చే కొద్ది వెచ్చని రోజులనూ, ఆ రోజుల్లో గాలిలో తేలివచ్చే సన్నని సాలెపోగులనూ పోలిష్‌లో ఈ పేరుతోనే పిలుస్తారు. చిత్రంలో పశువులు కాసే యువతి బీడు మీద వెల్లకిలా పడుకుని, చేయి పైకెత్తి ఒక సాలెపోగును పట్టుకుని చూస్తోంది. వెనక నల్లకుక్క పశువుల వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు వదిలిన పనిని అది చూసుకుంటోంది అనిపిస్తుంది.

ఆ పిల్ల పాదాలు మట్టికొట్టుకుని ఉన్నాయి. వార్సా విమర్శకులు పట్టుకున్నది ఆ పాదాలనే. అసభ్యం అన్నారు, మురికి అన్నారు. పల్లె పడుచులు చిత్రాల్లో ఉండటం వారికి కొత్త కాదు. శుభ్రమైన పండుగ బట్టల్లో నవ్వుతూ నిలబడితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇక్కడ సమస్య మరొకటి. ఈ పిల్ల ప్రేక్షకుడి కోసం ముస్తాబు కాలేదు. పైగా పని మానేసి, తన ఆలోచనలో తాను పడుకుని ఉంది. పదకొండేళ్ళ క్రితం దాకా ఆమె తల్లిదండ్రుల సమయం మీద భూస్వామికి హక్కు ఉండేది. ఊరికే సాలెపోగును చూస్తూ గడిపే తీరిక కూలివాళ్ళకు కూడా ఉంటుందని, అది చిత్రానికి ఎక్కదగిన విషయమని ఒప్పుకోవడం ఆనాటి ప్రేక్షకులకు అంత తేలిక కాలేదు. విమర్శకులు ఈ మాట రాయలేదు. నా అభిప్రాయంలో మురికి అన్న మాట వెనక ఉన్నది ఇదే.

హెవ్‌మోన్‌స్కి ఆ ఏడాదే పారిస్ వెళ్ళిపోయాడు. అక్కడ 1887 దాకా ఉన్నాడు. దూసుకుపోయే గుర్రాలు, మంచు బండ్లు, పల్లె సంతలు గీశాడు. గూపీ అనే ప్రసిద్ధ చిత్ర వ్యాపార సంస్థ ద్వారా అవి అమెరికా ధనికుల ఇళ్ళకు చేరాయి. డబ్బు బాగా వచ్చింది. ఒకే బొమ్మను మళ్ళీ మళ్ళీ అమ్ముతున్నాడన్న మాటా వచ్చింది. క్రాకోవ్‌లో ఉన్న ‘నాలుగు గుర్రాల బండి’ (1881) ఈ కాలపు పని. ఆరున్నర మీటర్ల వెడల్పున్న ఆ చిత్రం ముందు నిలబడితే గుర్రాలు మన మీదికే వస్తున్నట్టు ఉంటుంది. గొప్ప నైపుణ్యమే, కానీ మన చర్చకు అంతగా ఉపయోగపడదు.

పాతికేళ్ళలో మారినది

హెవ్‌మోన్‌స్కి పారిస్‌లో ఉన్న కాలంలో స్వదేశంలో వాతావరణం మారుతూ వచ్చింది. దీనికి కారణాలు కళలో కంటే రాజకీయాలలోనే ఎక్కువ.

1863 తిరుగుబాటు అణిగిపోయాక వార్సా విద్యావంతులలో ఒక తరం ఆయుధాల దారి వదిలింది. చదువు, పరిశ్రమ, ఆరోగ్యం, గ్రామాల బాగు అంటూ అడుగునుంచి పని చేయాలంది. అదే కాలంలో రష్యా ప్రభుత్వం పాఠశాలలో పోలిష్ భాషను పక్కకు నెట్టింది. 1869లో వార్సాలోని పోలిష్ ఉన్నత విద్యాలయాన్ని మూసి, దాని స్థానంలో రష్యన్ విశ్వవిద్యాలయం పెట్టింది. ప్రష్యా ప్రాంతంలో దాడి నేరుగా భూమి మీదికే వచ్చింది. 1886లో ఏర్పడిన వలస కమిషన్ పోలిష్ భూములు కొని జర్మన్ రైతులకు ఇవ్వసాగింది. అప్పుడు కులీనులకు ఒక నిజం తెలిసివచ్చింది. అప్పుల్లో మునిగి ఎస్టేట్లు అమ్ముకునేది తామే. చెక్కను పట్టుకుని వదలనివాడు రైతు. బొలెస్వావ్ ప్రూస్ ‘ప్లత్సూఫ్కా’ నవల (1885–86) ఈ విషయం మీదే నడుస్తుంది. అందులో కథానాయకుడు జాతి గురించి ఉపన్యాసం చెప్పగల వీరుడు కాడు. భూమి అమ్మనని మొండికేసిన మామూలు రైతు.

చూశారా, 1846లో కులీనులను భయపెట్టిన మనిషే నలభై ఏళ్ళలో జాతికి కాపలాదారు అయ్యాడు. 1904లో ప్రష్యా ప్రభుత్వం సొంత భూమిలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వకపోతే మిహావ్ జిమావా అనే రైతు బండిలోనే కాపురం పెట్టాడు. ఆ బండి పేరు ఐరోపా పత్రికల దాకా వెళ్ళింది.

కళావిమర్శ కూడా ఈ దారిలోనే నడిచింది. యాన్ మతెయ్కో వంటి చిత్రకారులు రాజులను, యుద్ధాలను పెద్ద పెద్ద కాన్వాసుల మీద గీసి, పోయిన రాజ్యాన్ని ప్రజలకు గుర్తుచేసేవారు. జాతీయ చిత్రం అంటే అదే అన్న అభిప్రాయం బలంగా ఉండేది. దీన్ని ఎదిరించినవాడు స్తానిస్వావ్ విత్కెవిచ్. 1870లలో వార్సాలో హెవ్‌మోన్‌స్కితో ఒకే పనిగదిని పంచుకున్న స్నేహితుడు. బొమ్మ విలువను దాని విషయం నిర్ణయించదని, సేనాపతిని గీసినా పొలంలో పని చేసే పిల్లను గీసినా ఎలా గీశారన్నదే ముఖ్యమని 1880లలో ‘వెంద్రోవియెత్స్’ పత్రికలో వాదించాడు. ఈ వాదం గెలిచింది. దాని ఫలం హెవ్‌మోన్‌స్కికి అందింది.

1900 నాటికి ఇది మోజుగా మారింది. ఆ ఏడాది నవంబరులో కవి లుత్స్యాన్ రిడెల్ క్రాకోవ్ పక్కనున్న బ్రొనొవిత్సె గ్రామానికి చెందిన రైతు పిల్లను పెళ్ళాడాడు. పెళ్ళికి పట్నం మేధావులు, ఊరి రైతులు కలిసి వచ్చారు. ఆ పెళ్ళికి హాజరైన స్తానిస్వావ్ విస్‌ప్యాన్‌స్కి కొద్ది నెలల్లోనే, 1901 మార్చిలో, ‘పెళ్ళి’ అనే నాటకాన్ని రంగస్థలం మీదికి తెచ్చాడు. రెండు వర్గాలూ ఒకే ఇంట్లో తాగి ఆడినంత మాత్రాన ఒకరినొకరు అర్థం చేసుకోలేదన్నది ఆ నాటకంలోని చేదు నిజం. ‘కొంగలు’ గీసిన సంవత్సరమూ ఆ పెళ్ళి జరిగిన సంవత్సరమూ ఒకటే.

ఇక్కడ కాసేపు ఆగి రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1875 పిల్ల ఒంటరిగా, పనికి దూరంగా పడుకుని ఉంది. 1900 రైతు పని మధ్యలో ఉన్నాడు, కొడుకు పక్కనే ఉన్నాడు, వెనక ఇల్లూ ఊరూ ఉన్నాయి. తరాల కొనసాగింపు, ఇంటికి తిరిగి వచ్చే పక్షి, పొలం. రెండవ చిత్రంలో ప్రేక్షకుడిని ఇబ్బంది పెట్టేది ఏమీ లేదు. వట్టికాళ్ళు ఒకప్పుడు పేదరికాన్ని చూపాయి. ఇప్పుడవి నేలతో బంధాన్ని చూపుతున్నాయి. గౌరవం పెరిగింది, నిజమే. దానితోపాటు ఒక ప్రశ్న కూడా మాయమైంది. ఈ మనిషికి బూట్లు ఎందుకు లేవు?

జవాబు సులువే. బూట్లు ఖరీదు. పల్లెవాళ్ళు ఆదివారం చర్చికి బూట్లు చేతపట్టుకుని నడిచివెళ్ళి, గుమ్మం దగ్గర తొడుక్కునేవారు.

చట్రానికి అవతల

పోలండ్ తిరిగి వచ్చాక హెవ్‌మోన్‌స్కి 1889లో మజోవియా ప్రాంతంలో, గ్రోజిస్క్ పట్టణానికి దగ్గరగా ఉన్న కుక్లూఫ్కాలో చిన్న చెక్క దివాణం, కొంత భూమి కొన్నాడు. 1914 ఏప్రిల్ 6న చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. ‘కొంగలు’ ఆ కాలంలో గీసినదే. ఆ చిత్రం చూస్తే కాలమే కదలని చోటు అనిపిస్తుంది. కానీ వార్సా నుంచి వియన్నా వెళ్ళే రైలు మార్గంలో మొదటి భాగం 1845లోనే గ్రోజిస్క్ దాకా వచ్చింది. అదే మార్గంలో ఇంకొంచెం ముందుకు వెళితే జిరార్దూఫ్ వస్తుంది. అవిసె నారతో బట్ట నేసే మిల్లు చుట్టూ పుట్టిన పట్టణం అది. ఐరోపాలోని అతిపెద్ద నారబట్టల మిల్లుల్లో అదొకటి. 1883లో అక్కడి ఆడ కూలీలు మొదలుపెట్టిన సమ్మె పోలిష్ నేల మీద జరిగిన మొదటి పెద్ద సమ్మెగా పేరుపొందింది. దాన్ని అణచడానికి సైన్యం కాల్పులు జరిపింది. మన రైతు తెల్లని నార చొక్కా ఇంట్లో నేసిందై ఉండవచ్చు. కానీ ఆ చుట్టుపక్కల భూమి చాలని ఇళ్ళ నుంచి ఆడపిల్లలు నారబట్ట నేయడానికి మిల్లుకే వెళ్ళేవారు.

భూమి ఎందుకు చాలలేదు? 1864 ఉత్తర్వు ఇచ్చిన చెక్క కొడుకుల మధ్య పంచుకోగా పంచుకోగా చిన్నదైపోయింది. అసలు చెక్కే దక్కని కూలి కుటుంబాలు కూడా ఎన్నో ఉన్నాయి. 1890–91లో బ్రెజిల్‌లో భూమి ఊరికే ఇస్తారన్న వార్త పాకి, రష్యా పాలనలోని పోలండ్ నుంచి వేలాది రైతు కుటుంబాలు ఓడలెక్కాయి. దీనికి బ్రెజిల్ జ్వరం అని పేరు వచ్చింది. చాలామంది మళ్ళీ తిరిగి రాలేదు. ‘కొంగలు’ చిత్రానికి తొమ్మిదేళ్ళ ముందు సంగతి ఇది. చిత్రంలో పక్షులు తిరిగి వస్తున్నాయి. ఊళ్ళలో మనుషులు వెళ్ళిపోతున్నారు.

ఇంతమాత్రాన హెవ్‌మోన్‌స్కి అబద్ధం గీశాడని తేల్చకండి. అతను చూపిన పచ్చిక, వెలుతురు, ఆకాశంలోకి చూసే ఆ చూపు అన్నీ అతను దగ్గరుండి చూసినవే. దివాణం కిటికీ నుంచి కనిపించే పల్లెను అతను నమ్మకంగా చూపాడు. ఆ కిటికీ అతను పుట్టిన వర్గం అతనికి ఇచ్చినది. భూమిపత్రాలు, జనాభా లెక్కలు, ఓడల ప్రయాణికుల జాబితాలు మరో కిటికీ నుంచి చూపుతాయి. వ్వదిస్వావ్ రేమోంట్ 1904 నుంచి 1909 దాకా నాలుగు సంపుటాలుగా తెచ్చిన ‘రైతులు’ నవల, వొవిచ్‌కు ఎక్కువ దూరం లేని లిప్‌త్సె గ్రామం నేపథ్యంగా, భూమి కోసం తండ్రీకొడుకులు శత్రువులయ్యే కథ చెబుతుంది. రేమోంట్‌కు 1924లో నోబెల్ బహుమతి వచ్చింది. చిత్రంలోని తండ్రీకొడుకులను, నవలలోని తండ్రీకొడుకులను కలిపి చూస్తేనే ఆ కాలపు పల్లె కొంతవరకైనా అర్థమవుతుంది.

పోలండ్‌లో ఈ చర్చ ఇప్పుడు మళ్ళీ వేడెక్కింది. ఆదమ్ లెష్‌చిన్‌స్కి రాసిన ‘పోలండ్ ప్రజల చరిత్ర’ (2020) వంటి పుస్తకాలు, నేటి పోలిష్ ప్రజలలో అత్యధికులు వెట్టి రైతుల వారసులే అయినా బడిలో చదివే చరిత్ర కులీనుల చరిత్రగా ఎందుకు మిగిలిందని అడిగాయి. 2023లో రేమోంట్ నవలను తైలవర్ణ చిత్రాలతో యానిమేషన్ సినిమాగా తీసినవారు హెవ్‌మోన్‌స్కి చిత్రాలను నమూనాలుగా వాడుకున్నారు. మరుసటి సంవత్సరం వార్సా జాతీయ మ్యూజియం అతని చిత్రాలతో పెద్ద ప్రదర్శన పెట్టింది. ఇప్పుడు ఆ చిత్రం ముందు నిలబడేవారిలో చాలామందికి ఆ నేల మీద కూర్చున్న మనిషి తమ ముత్తాత లాంటివాడు.